పురుగు దారి తెలిస్తేనే అడ్డుకట్ట

1992లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన నివేదిక ఇప్పుడు చదివినా వింతగానే ఉంటుంది. న్యూయార్క్ నగరంలో మతనియమాలు కచ్చితంగా పాటించే యూదు కుటుంబాల్లో, ఒకరితో ఒకరికి సంబంధం లేని నలుగురికి మూర్ఛలు రావడం మొదలైంది. పరీక్షల్లో తేలిందేమిటంటే, వాళ్ల మెదడులో పంది బద్దెపురుగు తిత్తులు ఉన్నాయి. పంది మాంసం వాళ్ల మతంలో నిషిద్ధం. ముట్టని మాంసంలోని పురుగు తలలోకి ఎలా చేరింది?

డాక్టర్లు ఆ ఇళ్లలో పనిచేసేవాళ్లను కూడా పరీక్షించారు. బద్దెపురుగు ఎక్కువగా కనిపించే లాటిన్ అమెరికా దేశాల నుంచి కొద్దికాలం కిందటే వచ్చినవాళ్లు వాళ్లు. ఒకరి పేగులో బద్దెపురుగు బయటపడింది. కడుపులో మీటర్ల పొడవున పురుగు ఉన్నా చాలామందికి ఆ సంగతే తెలియదు కాబట్టి ఇందులో ఎవరినీ తప్పుపట్టే పని లేదు. తప్పల్లా మనం తరతరాలుగా నమ్ముతున్న ఒక మాటలో ఉంది. పంది మాంసం తినకపోతే పంది పురుగు రాదన్నది ఆ మాట. అందులో సగమే నిజం.

పరాన్నజీవుల గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా జబ్బుల పేర్లు, మందుల పేర్లు చెప్పుకుంటాం. అవి ఒంట్లోకి ఏ దారిన వస్తాయి, ఏ దారిన పోతాయి, మధ్యలో ఎక్కడ ఎన్నాళ్లు ఆగుతాయి అన్నది పాఠ్యపుస్తకంలో గుండ్రటి బొమ్మగా మిగిలిపోతుంది. నిజానికి పనికొచ్చేది ఆ బొమ్మే. ఒక పురుగు విషయంలో ప్రాణం కాపాడే జాగ్రత్త, ఇంకో పురుగు విషయంలో చేసినా చేయకపోయినా ఒకటే.

ఒకే పురుగు, రెండు జబ్బులు

పంది బద్దెపురుగుకు ఉండాల్సిన మజిలీలు రెండు: మనిషి పేగు, పంది కండ. పెద్ద పురుగు మనిషి పేగులో ఉంటుంది. రిబ్బనులా చదునుగా, 2 నుంచి 7 మీటర్ల పొడవున ఉండి, తల దగ్గరున్న కొక్కేలతో పేగు గోడను పట్టుకుని వేలాడుతుంది. తోకవైపు నుంచి గుడ్లు నిండిన బద్దలు తెగి మలంతో పాటు బయటికి పోతుంటాయి. ఒక్కో బద్దలో వేలకొద్దీ గుడ్లుంటాయి. ఆరుబయట పడిన మలాన్ని పంది తింటే, దాని పేగులో గుడ్డు పగిలి పిల్ల బయటికి వస్తుంది. అది గోడ తొలుచుకుని నెత్తురులో పడి, కండలోకి చేరి, చిన్న నీటితిత్తిగా మారి కూర్చుంటుంది. ఆ మాంసం సరిగా ఉడకకుండా మనిషి తింటే తిత్తిలోంచి తల బయటపడి పేగుకు అంటుకుంటుంది. సుమారు రెండు నెలల్లో అది గుడ్లు పెట్టే పెద్ద పురుగవుతుంది.

ఇంతవరకు చాలామందికి తెలిసిందే. చిక్కంతా మనిషి తిత్తిని కాకుండా గుడ్డును మింగినప్పుడు వస్తుంది. గుడ్డుగా లోపలికి వెళ్లిన పురుగు పందిలో చేసే పనే మనిషిలోనూ చేస్తుంది. పేగు దాటి, నెత్తురులో పడి, కండలోనో కంటిలోనో మెదడులోనో తిత్తి కడుతుంది. అంటే మాంసం తింటే పేగులో పురుగు పెరుగుతుంది, మనిషి మలంలోని గుడ్లు నోట్లోకి వెళితే మెదడులో తిత్తి కడుతుంది. మొదటిది పెద్దగా బాధపెట్టదు. రెండోది మూర్ఛలు తెస్తుంది. ప్రాణాపాయమూ తేవచ్చు. ఈ పురుగు పాతుకుపోయిన ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో సుమారు 30 శాతం దీనివల్లనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అందుకే పూర్తి శాకాహారికి కూడా ఈ జబ్బు వస్తుంది. గుడ్లు వచ్చేది పంది నుంచి కాదు, పేగులో పురుగు ఉన్న మరో మనిషి నుంచి. ఆ మనిషి మరుగుదొడ్డికి వెళ్లి చేతులు సరిగా కడుక్కోకుండా వంట చేసినా, వడ్డించినా, మలం కలిసిన నీళ్లతో పండించిన కూరగాయలను ఎవరైనా పచ్చిగా తిన్నా చాలు. పేగులో పురుగున్న మనిషి తన చేతులతో తనకే అంటించుకోవచ్చు కూడా.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మెదడులో తిత్తి బతికున్నన్నాళ్లూ తరచుగా ఏ గొడవా చేయదు. ఒంటి రక్షణ వ్యవస్థ కన్నుగప్పి ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. అది చచ్చిపోవడం మొదలయ్యాక దాని ముసుగు తొలగిపోతుంది. శరీరం దాన్ని గుర్తించి విరుచుకుపడుతుంది. చుట్టూ వాపు వస్తుంది, అప్పుడు మూర్ఛ వస్తుంది. చాలామందిలో మొదటి మూర్ఛ వచ్చేది పురుగు దాడి చేసినప్పుడు కాదు, అది చస్తున్నప్పుడు. కాబట్టి పురుగును చంపే మందు ఇచ్చేటప్పుడు వాపును అదుపులో ఉంచే స్టెరాయిడ్, మూర్ఛలు రాకుండా ఆపే మందు కూడా ఇస్తారు. కంటిలో తిత్తి లేదని ముందే చూసుకుంటారు. స్కాన్‌లో గట్టిపడిపోయిన పాత మచ్చలే కనిపిస్తే పురుగు మందు అసలు అవసరమే ఉండదు, చంపడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. ఎవరో చెప్పారని పురుగు బిళ్లలు సొంతంగా మింగడం ఈ ఒక్క జబ్బులో మాత్రం చాలా ప్రమాదం.

తిత్తికీ పెద్ద పురుగుకూ ఉన్న సంబంధం ఎలా తేలిందో చెబితే నేటి వాళ్లకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. 1855లో ఫ్రీడ్రిష్ కూహెన్‌మైస్టర్ అనే జర్మన్ వైద్యుడు మరణశిక్ష పడిన ఖైదీకి తెలియకుండా తిత్తులున్న మాంసం పెట్టించాడు. శిక్ష అమలయ్యాక శవాన్ని కోసి చూస్తే పేగులో లేత బద్దెపురుగులు కనిపించాయి. శాస్త్రం గెలిచింది, నీతి మాత్రం ఓడిపోయింది.

ఇప్పుడు జాగ్రత్తలు ఎవరివి వాళ్లకు సులువుగా విడిపోతాయి. మాంసం తినేవాళ్లు దాన్ని లోపలి దాకా ఉడకనివ్వాలి. తిననివాళ్లు వంట చేసే చేతుల గురించి, పచ్చిగా తినే కూరల గురించి పట్టించుకోవాలి. ఊరు మొత్తానికి సంబంధించినంతవరకు మరుగుదొడ్లు వాడటం, పందుల్ని మలం దగ్గరికి పోనివ్వకుండా కట్టడి చేయడం, పేగులో పురుగున్నవాళ్లను వెతికి మందు ఇవ్వడం అసలైన పనులు. పందులకు వేసే టీకా కూడా ఇప్పుడు ఉంది.

ఒంట్లో పెరిగేవి, పెరగనివి

పరాన్నజీవుల్లో ఒంటి మీద బతికే పేలు, గజ్జి పురుగుల్ని పక్కనపెడితే లోపల బతికేవి రెండు జాతులు. ఒకటి ఏకకణ జీవులు: మలేరియా, అమీబా, జియార్డియా లాంటివి. రెండోది పురుగులు. రెండింటికీ ఉన్న అసలు తేడా పరిమాణంలో కాదు, లెక్కలో ఉంది. ఏకకణ జీవి మన ఒంట్లోనే రెండు, నాలుగు, ఎనిమిదిగా పెరుగుతుంది. ఒక్క గుక్క నీళ్లతో జబ్బు రావచ్చు. పురుగులు చాలావరకు అలా కాదు. పేగులో పురుగు గుడ్లు పెడుతుంది గానీ ఆ గుడ్లు బయటికి పోయి, నేలలోనో నీటిలోనో మరో జంతువులోనో కొంతకాలం గడిపితే తప్ప కొత్త పురుగు పుట్టదు. అంటే పేగులో ఇరవై పురుగులుంటే కనీసం ఇరవై సార్లు ఏదో ఒకటి లోపలికి దూరిందన్నమాట. నాలుగు పురుగులున్న పిల్లవాడికి ఏ లక్షణమూ ఉండకపోవచ్చు. నలభై ఉన్నవాడు ఎదుగుదల ఆగి, నెత్తురు తగ్గి, బడిలో నిద్రపోతాడు.

ఏడాదికోసారో రెండుసార్లో పిల్లలందరికీ బిళ్ల ఇచ్చే కార్యక్రమాల వెనకున్న తర్కం ఇదే. ఊళ్లోంచి పురుగును పూర్తిగా తుడిచేయడం కుదరకపోయినా, ఒక్కొక్కరిలో వాటి సంఖ్య తగ్గితే నష్టమూ తగ్గుతుంది.

ఈ నియమానికి ఒక భయంకరమైన మినహాయింపు స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నటి పేగు పురుగు. ఇది మనిషి ఒంట్లోనే తిరిగి తిరిగి పుడుతుంది. పేగులో పుట్టిన పిల్లలు బయటికి పోకుండా మళ్లీ పేగు గోడనే తొలుచుకుని లోపలికి దూరుతాయి. అలా దశాబ్దాల పాటు, ఎప్పుడో వదిలి వచ్చిన ఊరి పురుగు మనిషిలో మిగిలిపోతుంది. బలంగా ఉన్నన్నాళ్లు ఏమీ కాదు. ఏదో జబ్బుకు ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు మొదలుపెట్టగానే రక్షణ వ్యవస్థ చేతులెత్తేస్తుంది. పురుగు ఊపిరితిత్తులకు, మెదడుకు పాకుతుంది, చాలామంది బతకరు. స్టెరాయిడ్లు మొదలుపెట్టే ముందు ఒక రక్తపరీక్ష, అవసరమైతే ఐవర్‌మెక్టిన్ మందు. ఇంత తేలికైన జాగ్రత్త ఇంత తరచుగా మరిచిపోవడం నాకు మింగుడుపడదు.

చేతులు కడిగితే ఆగేవి, చెప్పులు వేస్తే ఆగేవి

నేల ద్వారా వచ్చే పురుగుల బారిన ప్రపంచంలో సుమారు 150 కోట్ల మంది ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వీటన్నిటినీ కలిపి నులిపురుగులు అనేస్తాం. వాటి దారులు మాత్రం వేరు.

ఏలికపాము పేగులో బతికే గుండ్రటి పురుగులన్నిటిలో పెద్దది. ఆడది 20 నుంచి 35 సెంటీమీటర్లు పెరుగుతుంది, రోజుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది. అప్పుడే బయటపడిన గుడ్డు ఎవరికీ హాని చేయలేదు. వెచ్చటి, తడి నేలలో రెండు మూడు వారాలు ముదిరితేనే అది అంటుకుంటుంది. ఆ తర్వాత మాత్రం ఏళ్ల తరబడి నేలలో బతికుంటుంది. మట్టి చేతులతో, కడగని కూరలతో నోట్లోకి వెళ్లిన గుడ్డు పేగులో పగులుతుంది. పగిలిన పిల్ల అక్కడే ఉండిపోవచ్చు కదా? ఉండదు. గోడ తొలుచుకుని, కాలేయం మీదుగా ఊపిరితిత్తులకు పోతుంది. అక్కడ రెండు వారాల లోపు కొంత పెరిగి, శ్వాసనాళం వెంట గొంతు దాకా పాకి, మనం గుటక వేస్తే మళ్లీ పేగులోకి దిగుతుంది. ఇంత చుట్టుదారి ఎందుకో గానీ, ఈ ప్రయాణం నిజమేనని రుజువు చేయడానికి 1922లో షిమెసు కోయినో అనే జపాన్ వైద్యుడు స్వయంగా గుడ్లు మింగాడు. కొద్దిరోజులకు ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది, కళ్లెలో పిల్ల పురుగులు కనిపించాయి. కొందరు పిల్లల్లో కారణం తెలియని పొడిదగ్గు, పిల్లికూతలు వచ్చి వాటంతటవే తగ్గిపోవడం వెనక ఈ ప్రయాణమే ఉండొచ్చు. దగ్గు రోజుల్లో మలపరీక్ష చేస్తే ఏమీ కనిపించదు, పురుగు ఇంకా గుడ్లు పెట్టే వయసుకు రాలేదు. అందుకు మింగిన నాటి నుంచి రెండు మూడు నెలలు పడుతుంది.

కొంకిపురుగుకు నోటితో పెద్దగా పనిలేదు. గుడ్లు మలంలో నుంచి తడి నేలలోకి చేరి ఒకటి రెండు రోజుల్లో పగులుతాయి. మరో వారం గడిస్తే పిల్ల పురుగులు మట్టి పైపొరలోకి వచ్చి, పాదం తగిలితే చర్మంలోంచే దూరిపోతాయి. ఈ సంగతి కైరోలో ఆర్థర్ లూస్ అనే జర్మన్ శాస్త్రవేత్తకు అనుకోకుండా తెలిసింది. పిల్ల పురుగులున్న నీళ్లు చేతి మీద ఒలికాయి. అక్కడ దురద, మంట పుట్టాయి. కొన్ని వారాల తర్వాత తన మలంలోనే కొంకిపురుగు గుడ్లు కనిపించాయి. చర్మం నుంచి ఊపిరితిత్తులకు, అక్కడి నుంచి గొంతుకు, చివరికి పేగుకు చేరి, గోడను కరిచిపట్టుకుని నెత్తురు తాగుతుంది. ఒక్క పురుగు తాగేది రోజుకు మిల్లీలీటరులో చిన్న భాగమే. వందల పురుగులు ఏళ్ల తరబడి తాగితే మాత్రం మనిషి పాలిపోతాడు. 1880 ప్రాంతంలో స్విట్జర్లాండ్‌లో గోథార్డ్ సొరంగం తవ్విన కూలీల్ని పడగొట్టిన రక్తహీనతకు కారణం ఇదే. బయట చలి దేశమైనా సొరంగం లోపల వెచ్చగా, తడిగా ఉండేది, మరుగుదొడ్లు లేవు. పురుగుకు కావలసినవన్నీ అక్కడే దొరికాయి.

ఈ జబ్బు విషయంలో సబ్బుతో చేతులు ఎంత కడిగినా లాభం తక్కువ. కావలసింది చెప్పులు, మరుగుదొడ్డి. ఏలికపాము విషయంలో చెప్పులు ఏమీ చేయలేవు. రెండింటికీ ఉమ్మడి మందు మరుగుదొడ్డే.

మూడోది పిల్లలున్న ఇళ్లను శుభ్రతతో నిమిత్తం లేకుండా పట్టి పీడించే సన్నటి తెల్ల పురుగు, పిన్‌వర్మ్. దీనికి నేలతో పనే లేదు. రాత్రి పిల్లవాడు నిద్రపోయాక ఆడపురుగు మలద్వారం దాకా పాకి వచ్చి చర్మం మీద వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. దురద పుడుతుంది, గోకుతాడు, గుడ్లు గోళ్లలోకి చేరుతాయి, గోళ్లు నోట్లోకి వెళతాయి. గుడ్లు నాలుగైదు గంటల్లోనే అంటుకునే దశకు వస్తాయి. దుప్పట్లకు, బట్టలకు అంటుకుని రెండు వారాల దాకా ఉంటాయి. మామూలు మలపరీక్షలో ఇది తరచుగా దొరకదు. తెల్లవారి లేవగానే, కడగక ముందు, పారదర్శకమైన టేపును మలద్వారం దగ్గర అంటించి తీసి సూక్ష్మదర్శినిలో చూడాలి. మందు పురుగుల్ని చంపుతుంది, గుడ్లను చంపదు. అందుకే రెండు వారాలకు మళ్లీ ఒక మోతాదు వేస్తారు, ఇంట్లో అందరికీ ఒకేసారి ఇస్తారు. ఒకరికే ఒక్కసారి ఇచ్చి మళ్లీ వచ్చిందని మందును తిట్టుకునే ఇళ్లు ఎన్నో. తీపి తిన్నందుకే పురుగులు పట్టాయని పిల్లల్ని తిట్టడమూ అంతే. తీపిలో పురుగు గుడ్లు ఉండవు.

చేతులు కడగడం గురించి ఒక మాట. ఆల్కహాల్ జెల్ బ్యాక్టీరియాను, చాలా వైరస్‌లను చంపుతుంది గానీ ఈ గుడ్ల గట్టి పెంకును ఏమీ చేయలేదు. సబ్బు కూడా వాటిని చంపదు. నురగ, రాపిడి, పారే నీళ్లు కలిసి వాటిని చర్మం మీద నుంచి తోసేస్తాయి. అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

నీళ్లు శుభ్రంగా కనిపిస్తే చాలదు

1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో సుమారు 4 లక్షల మందికి విరేచనాలు పట్టుకున్నాయి. శుద్ధిచేసి, క్లోరిన్ కలిపి, కొళాయిలో వదిలిన నీళ్లే కారణం. ఆ నీళ్లలో ఉన్నది క్రిప్టోస్పోరిడియం అనే ఏకకణ జీవి. దాని గుడ్డులాంటి దశకు గట్టి పెంకు ఉంటుంది, మామూలు మోతాదు క్లోరిన్‌ను అది లెక్కచేయదు. శుద్ధికేంద్రంలో వడపోత సరిగా పనిచేయకపోవడంతో అది ఇళ్లకు చేరింది. క్లోరిన్ కలిపితే ఎలాంటి నీళ్లైనా సురక్షితమనే నమ్మకం బ్యాక్టీరియాకు సరిపోతుంది, ఈ జీవికి సరిపోదు. జియార్డియా కూడా క్లోరిన్‌ను కొంతవరకు తట్టుకుంటుంది. సలసలా మరిగిన నీళ్లలో ఇవేవీ బతకవు. ఒక్క నిమిషం మరిగితే చాలు, ఎత్తైన కొండప్రాంతాల్లో మూడు నిమిషాలు.

నీళ్లు తాగకుండానే పట్టుకునేవీ ఉన్నాయి. షిస్టోసోమా అనే పురుగు చెరువుల్లో, కాలువల్లో కొన్ని రకాల నత్తల్లో పెరిగి, నీటిలోకి వచ్చి, స్నానం చేసేవాళ్ల చర్మంలోంచి దూరుతుంది. ఇక్కడ కాచి తాగడం ఒక్కటే చాలదు. ఈజిప్టులో దీన్ని తరిమికొట్టాలని 1950ల నుంచి దశాబ్దాల పాటు పెద్ద ఎత్తున ఇంజెక్షన్లు ఇచ్చారు. సూదులు సరిగా శుద్ధి చేయకపోవడంతో హెపటైటిస్ సి దేశమంతా పాకింది. తర్వాత ప్రాజిక్వాంటెల్ బిళ్ల వచ్చాక గానీ సూది అవసరం పోలేదు.

దోమకు ఆయుష్షు తక్కువ

మలేరియా చక్రం చాలా క్లిష్టంగా కనిపిస్తుంది. అందులో పట్టుకోవలసిన అంకె ఒక్కటే. దోమ ఒక రోగిని కుట్టిన తర్వాత, పరాన్నజీవి దాని పొట్టలో కలిసి, గోడ మీద బుడిపెగా పెరిగి, పగిలి, లాలాజల గ్రంథులకు చేరడానికి సుమారు పది రోజులు, చల్లటి వాతావరణంలో ఇంకా ఎక్కువ పడుతుంది. దోమ బతికేది కొన్ని వారాలే. చాలా దోమలు ఆ పది రోజులు నిండకుండానే చస్తాయి. అంటే జబ్బు అంటించేది ముసలి దోమ మాత్రమే.

ఇంట్లో గోడలకు మందు కొట్టడం ఎందుకు పనిచేస్తుందో ఇక్కడ అర్థమవుతుంది. గోడకు కొట్టిన మందు కాటును ఆపదు. నెత్తురు తాగి బరువెక్కిన దోమ గోడ మీద వాలుతుంది, అప్పుడు చస్తుంది. కుట్టించుకున్నవాడికి ఆ పూట లాభమేమీ లేదు, పది రోజుల తర్వాత కుట్టించుకోవలసిన పక్కింటివాడికి లాభం. మందు పట్టించిన దోమతెరకు ఈ రెండు గుణాలూ ఉన్నాయి. లోపల పడుకున్నవాడిని కాపాడుతుంది, తాకిన దోమను చంపుతుంది.

దోమ పొట్ట గోడ మీది ఆ బుడిపెను మొదట చూసింది రొనాల్డ్ రాస్, 1897 ఆగస్టు 20న, సికింద్రాబాద్‌లో. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, అది లాలాజల గ్రంథుల దాకా పోయే దారిని పట్టుకున్నాడు. మనుషుల మలేరియాలో పూర్తి దారిని అదే ఏడాది ఇటలీలో గ్రాసీ బృందం చూపించింది. 1902లో నోబెల్ మాత్రం రాస్‌కే దక్కింది. ఆ విషయంలో ఇద్దరూ ఎడతెగకుండా కొట్లాడుకున్నారు.

మనిషిలోకి వచ్చాక పరాన్నజీవి మొదట కాలేయంలో దాక్కుంటుంది. అక్కడ వారం, పది రోజులు పెరిగి, ఎర్రకణాల్లోకి దిగాకే జ్వరం మొదలవుతుంది. వైవాక్స్ రకంలో కొన్ని కాలేయంలోనే నిద్రపోయి, నెలల తర్వాత లేస్తాయి. మందు సరిగా వాడినా జ్వరం తిరగబెట్టిందంటే మళ్లీ దోమ కుట్టనక్కర్లేదు. నెత్తురులోని వాటిని చంపిన మందు కాలేయంలో నిద్రపోయేవాటిని తాకలేదంతే. వాటి కోసమే ప్రిమాక్విన్ అనే రెండో మందును సాధారణంగా 14 రోజులు వాడమంటారు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లకు అది ఎర్రకణాల్ని పగలగొడుతుంది కాబట్టి ముందు పరీక్ష చేయాలి, గర్భిణులకు ఇవ్వకూడదు. మూడో రోజుకే జ్వరం తగ్గిందని ఆ బిళ్లలు మానేసేవాళ్లే మళ్లీ మంచం పడతారు.

2023లో ప్రపంచంలో 26.3 కోట్ల మలేరియా కేసులు, 5,97,000 మరణాలు నమోదయ్యాయని అంచనా. ఆ మరణాల్లో అత్యధికం ఆఫ్రికాలో, ఐదేళ్ల లోపు పిల్లలవి. పిల్లల కోసం ఇప్పుడు రెండు టీకాలు ఉన్నాయి. పూర్తి రక్షణ ఇవ్వవు, అందుకే దోమతెరను పక్కన పెట్టమని ఎవరూ అనరు.

బోదకాలు కూడా దోమ వల్లే వస్తుంది, లెక్క మాత్రం తిరగబడుతుంది. ఇక్కడ ఉన్నది పురుగు. అది దోమలో సంఖ్య పెరగదు, మనిషిలో పెద్ద పురుగులూ పెరగవు. వందలసార్లు కుట్టించుకుంటే గానీ జబ్బు పాతుకోదు. శోషరస నాళాల్లో పెద్ద పురుగులు ఆరేడేళ్లు బతికి, పిల్లల్ని నెత్తురులోకి వదులుతాయి. ఆ పిల్లలు చాలా ప్రాంతాల్లో రాత్రిపూటే, దోమ కుట్టే వేళకు, చర్మానికి దగ్గరగా ఉన్న నెత్తురులోకి వస్తాయి. అందుకే రక్తపరీక్షకు రాత్రి పదింటి తర్వాత నమూనా తీస్తారు. దోమలో వీటి ఎదుగుదలను 1877లో చైనాలోని అమోయ్‌లో పాట్రిక్ మాన్సన్ కనిపెట్టాడు. దోమ నీళ్లలో పడి చస్తే, ఆ నీళ్లు తాగి మనుషులు జబ్బు పడతారని చాలాకాలం అనుకున్నాడు, అది వేరే సంగతి.

దీనికి ఎక్కువ దేశాల్లో వాడే డీఈసీ మందు మన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధన నుంచి 1940లలో వచ్చింది. ఈ మందు నెత్తురులోని పిల్లల్ని బాగా చంపుతుంది, పెద్ద పురుగుల్ని అంతంతమాత్రమే. ఏడాదికోసారి ఊరంతా బిళ్లలు పంచి, మాకేమీ జబ్బు లేదే అన్నవాళ్లతో కూడా మింగించడం వెనక కారణం అదే. ఊళ్లో ఎవరి నెత్తురులోనూ పిల్లలు లేకుండా ఐదారేళ్లు చూసుకుంటే, దోమకు తీసుకెళ్లడానికి ఏమీ దొరకదు, లోపలి పెద్ద పురుగులు ముసలితనంతో చస్తాయి. సంచిలో బిళ్లలు వేసుకుని మింగకుండా ఇంటికి పోయినవాడు ఆ ఏడాది శ్రమనంతా నీరుగారుస్తాడు. ముందే వాచిన కాలును మాత్రం ఈ బిళ్లలు మునుపటిలా చేయలేవు. రోజూ సబ్బుతో కడిగి, తుడిచి, పగుళ్లలో పుండ్లు పడకుండా చూసుకుంటే జ్వరంతో వచ్చే వాపులు బాగా తగ్గుతాయి.

పరీక్ష ఎప్పుడు అబద్ధం చెబుతుంది

ఒక్కసారి మలపరీక్షలో ఏమీ లేదని వస్తే నిశ్చింతగా ఉండటానికి లేదు. పురుగుల గుడ్లు, ఏకకణ జీవుల కోశాలు (గట్టి పెంకున్న దశ) రోజూ ఒకే లెక్కన రావు. వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు ఇవ్వమనడం ప్రయోగశాల చాదస్తం కాదు. రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలు పెరిగాయంటే కండరాల్లో, ఊపిరితిత్తుల్లో తిరిగే పురుగులు ఉన్నాయేమో చూడాలి. మలేరియా, జియార్డియా, అమీబా లాంటి ఏకకణ జీవుల్లో అవి సాధారణంగా పెరగవు. పెరగలేదు కాబట్టి పరాన్నజీవి లేదనుకోవడం ఆ విధంగా తప్పు.

గర్భిణులకు పిల్లుల గురించి చెప్పే జాగ్రత్త కూడా చక్రం తెలిస్తేనే భయం లేకుండా పాటించగలం. పిల్లి మలంలో వచ్చే టాక్సోప్లాస్మా అనే ఏకకణ జీవి కోశాలు అంటుకునే దశకు రావడానికి కనీసం ఒక రోజు, ఒక్కోసారి ఐదు రోజులు పడుతుంది. మలం ఏ రోజుకారోజు ఇంకెవరైనా తీసేస్తే సరిపోతుంది, పిల్లిని ఇంట్లోంచి గెంటనక్కర్లేదు. సరిగా ఉడకని మాంసం వల్ల, తోటపనిలో మట్టి చేతుల వల్ల వచ్చే ముప్పు పిల్లిని ముట్టుకోవడం కంటే ఎక్కువ.

మందు లేకుండా ఓడిపోతున్న పురుగు

నారికురుపుకు మందు లేదు, టీకా లేదు. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ రాదన్న భరోసా కూడా లేదు. అయినా 1986లో సుమారు 35 లక్షలుగా ఉన్న కేసులు 2023 నాటికి 14కు పడిపోయాయి. భారతదేశంలో చివరి కేసు 1996లో వచ్చింది, 2000లో దేశం నారికురుపు రహితమని ప్రకటించారు.

పురుగు దారిని రెండు చోట్ల తెంచారు, అంతే. మీటరు దాకా పెరిగిన ఆడపురుగు, నోటి ద్వారా లోపలికి వెళ్లిన ఏడాదికి, సాధారణంగా కాలి మీద పొక్కు కట్టి బయటికి వస్తుంది. భరించలేని మంట. మనిషి కాలును నీళ్లలో పెడతాడు. పురుగుకు కావలసిందీ అదే. నీరు తగలగానే లక్షల పిల్లల్ని వదులుతుంది. కంటికి కనీకనిపించని నీటి ఈగలు వాటిని తింటాయి. ఆ నీళ్లు తాగినవాళ్ల కడుపులో ఈగ చస్తుంది, పురుగు పిల్ల బతుకుతుంది. కాబట్టి పొక్కు ఉన్న మనిషిని తాగునీటి చెరువులో దిగకుండా ఆపాలి, మిగతావాళ్లు నీళ్లను నేత దగ్గరగా ఉన్న గుడ్డతో వడగట్టి తాగాలి. నీటి ఈగ ఆ గుడ్డలోంచి దూరలేదు. బయటికి వస్తున్న పురుగును పుల్లకు చుట్టి రోజుకు కొద్దికొద్దిగా లాగడం వేల ఏళ్ల నాటి పద్ధతి, ఇప్పటికీ అంతకంటే మెరుగైనది లేదు.

ఇక అయిపోయిందనుకున్న దశలో, 2012 నుంచి చాద్ దేశంలో కుక్కల్లో ఈ పురుగు బయటపడటం మొదలైంది. తర్వాత కుక్కల కేసులు మనుషుల కేసుల్ని ఎన్నో రెట్లు దాటిపోయాయి. నది ఒడ్డున జాలర్లు పారేసే చేపల పేగులు తినడం వల్ల కుక్కలకు అంటుతోందని అనుమానం. ఇప్పుడు అక్కడ చేపల వ్యర్థాల్ని గోతిలో పూడ్చమంటున్నారు, పురుగున్న కుక్కను కట్టేసి కబురు పెట్టినవాళ్లకు డబ్బు ఇస్తున్నారు, చెరువుల్లో నీటి ఈగల్ని చంపే మందు కలుపుతున్నారు. నిర్మూలన ప్రకటించాలంటే మనుషుల్లోనే కాదు, జంతువుల్లోనూ కేసులు ఆగాలి. 2030 గడువు పెట్టుకున్నారు గానీ, గుడ్డతో నీళ్లు వడగట్టుకోమని కుక్కకు చెప్పడం కుదరదు కాబట్టి ఆ పని ఇంకా మిగిలే ఉంది.